డ్రయ్యర్ గాలి ఇంట్లోకే వదిలితే

అమెరికాలో ఇంటి సామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా అమ్ముతారు. బట్టల డ్రయ్యర్ గొట్టాన్ని గోడలోంచి బయటికి పంపే వీలు లేనివాళ్లు ఆ గొట్టం కొసను ఈ డబ్బాకు తగిలిస్తారు. డబ్బా అడుగున కాసిని నీళ్లు పోసి ఉంచాలి. డ్రయ్యర్ గాలి ఆ నీళ్ల మీదుగా పోతూ, తనతో తెచ్చిన బట్టల నూగులో కొంత అక్కడ వదిలి, మిగతాదంతా పట్టుకుని గదిలోకి వచ్చేస్తుంది. ఇంకో రకం సరుకు గొట్టం మధ్యలో బిగించే మూత. ఎండాకాలం దాన్ని బయటి వైపుకీ, చలికాలం ఇంటి వైపుకీ తిప్పుతారు. బయట వృథాగా పోయే వేడి ఇంట్లోకే వస్తే హీటింగ్ బిల్లు తగ్గుతుందన్నది ఆశ. ఇవేవీ కొనకుండా గొట్టం కొసకు పాత నైలాన్ మేజోడు తొడిగి రబ్బరు బ్యాండు వేసేసేవాళ్లూ ఉన్నారు.

పాత ఇళ్ల బేస్‌మెంట్లలో అద్దెకుండేవాళ్లు, నలుగురైదుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకునే విద్యార్థులు ఎక్కువగా ఈ దారి పడతారు. సెకండ్ హ్యాండ్‌లో డ్రయ్యర్ చవగ్గా దొరుకుతుంది, గోడకు రంధ్రం మాత్రం దొరకదు. ఇల్లు తమది కాదు కాబట్టి గోడ కొట్టే హక్కూ ఉండదు. అలాంటివాళ్లకు ఆ డబ్బా సమస్యను తీర్చినట్టే కనిపిస్తుంది. నిజానికి డ్రయ్యర్ యంత్రంలో సగం పని ఆ గొట్టానిదే. బట్టల్లోంచి తీసిన నీటిని, నూగును, గ్యాస్ డ్రయ్యర్ అయితే మండిన గ్యాస్ పొగను ఇంటి గడప దాటించే పని అది. గొట్టం గదిలోనే ఆగిపోతే ఆ మూడూ గదిలోనే ఉండిపోతాయి.

రెండు లీటర్ల నీళ్లు

వాషింగ్ మెషీన్‌లోంచి తీసిన బట్టలు చేతికి తడిగా తగులుతాయే తప్ప నీళ్లు కారవు. అందుకే వాటిలో ఎంత నీరుందో కంటికి ఆనదు. స్పిన్ బాగా తిరిగిన మెషీన్‌లో కూడా, పొడి బట్టల బరువులో సగం నుంచి 60 శాతం దాకా నీరు మిగిలే ఉంటుంది. నాలుగు కిలోల బట్టలు వేశారంటే రెండు లీటర్లు, ఆ పైన. తువ్వాళ్లు, జీన్స్ ఎక్కువుంటే ఇంకా పెరుగుతుంది. ఈ నీటిని ముప్పావు గంటలో ఆవిరి చేసి గాలిలో కలిపి బయటికి నెట్టడమే డ్రయ్యర్ పని.

ఆ రెండు లీటర్లు ఇంట్లోనే ఉండిపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు. 700 చదరపు అడుగుల అపార్ట్‌మెంట్, 8 అడుగుల ఎత్తున సీలింగ్ అనుకుంటే లోపలి గాలి సుమారు 160 ఘనపు మీటర్లు. 20 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ 50 శాతం ఉంటే అందులో సగం అప్పటికే నిండి ఉంటుంది. మిగిలిన ఖాళీ ఘనపు మీటరుకు ఎనిమిదిన్నర గ్రాములు, ఇల్లంతటికీ కలిపి 1.4 లీటర్లు. వచ్చి పడుతున్నది రెండు లీటర్లు. అంటే ఒక్క లోడు చాలు, ఆ ఇంటి గాలి పట్టగలిగిన దానికంటే ఎక్కువ నీరు వచ్చేస్తుంది. అందులో కొంత తలుపు సందుల్లోంచి బయటికి పోతుంది. కొంత గోడ బోర్డు, కార్పెట్, సోఫా, అల్మరాలోని బట్టలు పీల్చుకుంటాయి. మిగిలింది చల్లగా ఉన్న చోటల్లా నీటిబొట్లుగా దిగుతుంది.

చలికాలం కిటికీ అద్దం లోపలి వైపు 5 డిగ్రీలు ఉందనుకుంటే, ఆ అద్దాన్ని ఆనుకున్న గాలి ఘనపు మీటరుకు 7 గ్రాముల లోపు ఆవిరినే ఉంచుకోగలదు. గదిలో ముందే ఎనిమిదిన్నర గ్రాములున్నాయి. డ్రయ్యర్ వెయ్యకముందే చెమర్చే అద్దం మీద, వేశాక ధారలే కారతాయి. అద్దం కనిపిస్తుంది గనక తుడుస్తారు. కనిపించని చోట్ల అంతే చల్లగా ఉండేవి చాలా ఉన్నాయి: బయటి గోడల మూలలు, గోడకు ఆనించిన అల్మరా వెనక భాగం, సూట్‌కేసులు పేర్చిన క్లోజెట్ లోపలి గోడ. మంచం కొనకుండా నేల మీదే వేసుకున్న పరుపు అడుగుభాగం అన్నింటికంటే మోసం చేస్తుంది. పైన మనిషి ఒంటివేడి, కింద చల్లని నేల, మధ్యలో గాలి ఆడని తడి. ఇల్లు ఖాళీ చేసే రోజున పరుపు ఎత్తితేగాని అడుగున నల్లటి మచ్చలు బయటపడవు.

తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజు పట్టడం మొదలవుతుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. ఇంట్లో తేమ 60 శాతం దాటనీయవద్దని, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిదని కూడా అదే సంస్థ సలహా. వారానికి ఒక్క లోడు వేసే ఇంట్లో గోడలు మధ్యలో ఆరడానికి వ్యవధి దొరుకుతుంది. నలుగురున్న ఇంట్లో రోజు విడిచి రోజు మెషీన్ తిరుగుతుంటే ఆ వ్యవధి ఉండదు. పరుపుల్లో, దిండ్లలో బతికే దుమ్ము పురుగులకు కూడా తేమ 50 శాతం దాటిన గాలే అనుకూలం. ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకు ఈ పురుగుల వ్యర్థాలే పెద్ద శత్రువు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలో తేమ, బూజు మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. తేమ ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం, శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఉంటాయని తేల్చింది. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల బాబు చనిపోయాడు. అద్దె ఫ్లాట్‌లో చాలాకాలంగా ఉన్న బూజు వల్లే ఊపిరితిత్తుల వ్యాధి ముదిరి ప్రాణం పోయిందని 2022 నవంబరులో కరోనర్ (మరణాలకు కారణం తేల్చే అధికారి) విచారణ తేల్చింది. తల్లిదండ్రులు పదే పదే ఫిర్యాదు చేసినా, ఇంటి యాజమాన్యం వాళ్ల అలవాట్లనే తప్పుపట్టిన సంగతి కూడా బయటికొచ్చింది. ఆ బాబు పేరుతోనే 2023లో చట్టం వచ్చింది. ఆ ఇంట్లో తేమకు కారణం డ్రయ్యర్ కాదు. అయినా ఆ కేసును ఇక్కడ గుర్తుచేసుకోక తప్పదు. గాలి బయటికి పోయే ఏర్పాటు లేని ఇల్లు అద్దెకిచ్చి, గోడకు బూజు పడితే అందులో ఉండేవాళ్ల తప్పనడం ఇంగ్లండ్‌లోనే కాదు, చాలా చోట్ల జరుగుతోంది.

మిగిలే వేడి ఎంత?

వేడి ఆదా అవుతుందన్న వాదనను ఊరికే కొట్టిపారేయకూడదు. అందులో కొంత నిజముంది. కరెంటు డ్రయ్యర్ ఒక లోడుకు సుమారు 3 యూనిట్లు వాడుతుందనుకుందాం. రెండు లీటర్ల నీటిని ఆవిరి చెయ్యడానికే అందులో 1.3 యూనిట్లు ఖర్చవుతాయి. ఆ శక్తి గదిని వెచ్చబరచదు, ఆవిరిలో దాగి ఉంటుంది. స్కూలు పుస్తకాల్లో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. ఆవిరి మళ్లీ నీరుగా మారినప్పుడే, అంటే కిటికీ మీదో గోడ మీదో బొట్టుకట్టినప్పుడే ఆ వేడి తిరిగి వస్తుంది. ఆ భాగం ఇంటికి దక్కాలంటే గోడలు తడవాల్సిందే. తడవకుండా దక్కేది మిగిలిన 1.7 యూనిట్లు.

ఇంకో లెక్క కూడా నిజాయితీగా చెప్పాలి. గొట్టం బయటికి ఉన్నప్పుడు డ్రయ్యర్ ఇంట్లోని వెచ్చటి గాలినే పీల్చి బయటికి నెడుతుంది. నిమిషానికి 150 ఘనపుటడుగుల చొప్పున ముప్పావు గంట నడిస్తే, ఆ 700 చదరపు అడుగుల ఇంట్లో ఉన్న గాలికంటే ఎక్కువే బయటికి పోతుంది. దాని స్థానంలో చలిగాలి సందుల్లోంచి లోపలికి వస్తుంది. బయట సున్నా డిగ్రీలుంటే ఆ గాలిని మళ్లీ వెచ్చబెట్టడానికి ఇంకో 1.3 యూనిట్లు కావాలి. రెండూ కలిపితే ఆదా మూడు యూనిట్లు. అమెరికాలో ఇళ్ల కరెంటు సగటు ధర ప్రకారం అర్ధ డాలరు. గ్యాస్ ఫర్నేస్‌తోనో, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్‌తోనో ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్లకు అంత కూడా మిగలదు. అది కూడా గడ్డకట్టే చలిరోజుల లెక్క. మూవ్ అవుట్ చేసేటప్పుడు ఒక్క గోడకు బోర్డు మార్చి రంగు వేయించినందుకు డిపాజిట్‌లోంచి కోసే డబ్బుతో పోలిస్తే, కొన్నేళ్ల పొదుపు కూడా దానికి చాలదు.

పైగా ఆ పొదుపులో కొంత డ్రయ్యరే తినేస్తుంది. తన నోట్లోంచి వదిలిన తడిగాలినే తిరిగి పీలుస్తూ బట్టలు ఆరబెట్టాలి మరి. చిన్న క్లోజెట్‌లో తలుపు మూసి నడిపితే ముప్పావు గంటలో ఆరేవి గంటన్నర దాటినా చెమ్మగానే ఉంటాయి.

నూగు, నిప్పు

డ్రయ్యర్ నుంచి వచ్చే నూగును అమెరికాలో అందరూ లింట్ అనే అంటారు. అరిగిపోతున్న బట్టల నుంచి రాలిన నూలు, పాలిస్టర్ పోగులు అవి. తలుపు దగ్గరున్న జల్లెడలో ప్రతి లోడుకూ బూడిదరంగు పొరలా కనిపించేది అందులో కొంతే. మరికొంత జల్లెడ దాటి గొట్టంలోకి పోతుంది, ఇంకొంత యంత్రం లోపలి గోడలకు అంటుకుంటుంది. ఆ పొరను చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, పోగుకూ పోగుకూ మధ్య అంతా గాలే. అందుకే అగ్గిపుల్ల తగిలిందంటే భగ్గుమంటుంది. క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లు మంట రాజేసుకోవడానికి దీన్ని దాచుకుని తీసుకెళ్తారు కూడా.

అమెరికా అగ్నిమాపక పాలనా సంస్థ లెక్కల ప్రకారం 2008 నుంచి 2010 వరకు ఆ దేశంలో ఏటా 2,900 ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల మంటలు రేగాయి. ఏటా ఐదుగురు చనిపోయారు, వందమంది గాయపడ్డారు, మూడున్నర కోట్ల డాలర్ల ఆస్తి పోయింది. కారణాల్లో మొదటి స్థానం శుభ్రం చెయ్యకపోవడానిదే, 34 శాతం. జనవరి నెలలో ఈ ప్రమాదాలు ఎక్కువ. మందపాటి బట్టలు, ఎక్కువ లోడ్లు, ఎక్కువసేపు నడవడం అన్నీ ఆ నెలలోనే కలిసొస్తాయి.

గాలి ఇంట్లోకి వదిలినప్పుడు ఈ ముప్పు రెండు వైపుల నుంచి పెరుగుతుంది. మొదటిది గాలికి అడ్డు పడటం. మేజోడు, జాలీ, నీళ్ల డబ్బా ఏదైనా సరే, కొన్ని లోడ్లకే నూగుతో పూడుకుపోతుంది. గాలి ధారాళంగా పోతుంటేనే హీటర్ తీగ వేడి అదుపులో ఉంటుంది. గాలి ఆగిపోయేకొద్దీ లోపల వేడి పేరుకుంటుంది. దీన్ని కాచుకోవడానికి, వేడి మితిమీరితే హీటర్‌ను ఆపే థర్మోస్టాట్, అది కూడా విఫలమైతే తెగిపోయే థర్మల్ ఫ్యూజ్ ఉంటాయి. ఫ్యూజ్ తెగిందంటే గాలి ఆడటం లేదని అర్థం. కొత్త ఫ్యూజ్ వేయించి గొట్టాన్ని అలాగే వదిలేస్తే అది మళ్లీ తెగుతుంది. విసుగొచ్చి ఫ్యూజ్ లేకుండా తీగలు కలిపేసేవాళ్లూ ఉన్నారు. ఇక ఆ యంత్రాన్ని ఆపేది ఏదీ లేదు.

రెండోది నూగు తిరుగు ప్రయాణం. గదిలోకి వచ్చిన సన్నటి పోగులు నేల మీద, యంత్రం వెనక, పక్కనున్న వాటర్ హీటర్ కింద చేరతాయి. డ్రయ్యర్ గాలిని పీల్చుకునేది ఆ గదిలోంచే గనక, తాను వదిలిన నూగునే తిరిగి హీటర్ ఉన్న చోటికి లాక్కుంటుంది. పక్కన గ్యాస్ వాటర్ హీటర్ ఉండి, దాని బర్నర్ నేలకు దగ్గరగా ఉంటే నిప్పూ నూగూ ఒకే చోట చేరినట్టే.

నూగు హీటర్‌కు తగిలితే ఏమవుతుందో లండన్‌లో షెపర్డ్స్ బుష్ దగ్గర 2016 ఆగస్టులో జరిగిన ప్రమాదం చూపించింది. 18 అంతస్తుల భవనంలో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో లోపమున్న టంబుల్ డ్రయ్యర్ నుంచి మంటలు లేచి పై అంతస్తులకు పాకాయి. ఆర్పడానికి 120 మంది అగ్నిమాపక సిబ్బంది రావాల్సి వచ్చింది. ఆ రకం యంత్రాల్లో నూగు హీటర్ మీద పడే లోపముందని తయారీదారుకు అంతకుముందే తెలుసు. మరమ్మతు జరిగేదాకా, దగ్గర మనిషి ఉండి చూసుకుంటూ వాడుకోవచ్చని సలహా ఇచ్చారు. ఆ రోజు ఇంట్లో మనుషులున్నా మంట ఆగలేదు. అక్కడ తప్పు యంత్రం తయారీలో ఉంది, గొట్టంలో కాదు. నూగుకూ హీటర్‌కూ మధ్య దూరం చెరిగిపోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. తలంటు పోసుకున్న తువ్వాళ్లు, పసిపిల్లలకు నూనె మర్దన చేసిన గుడ్డలు, పిండివంటల రోజున నూనె తుడిచిన బట్టలు డ్రయ్యర్‌లో వెయ్యకూడదు. ఉతికినా నూనె పూర్తిగా పోదు. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె లాంటివి వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ తమంతట తామే వేడి పుట్టిస్తాయి. ఆరిన తువ్వాళ్లను వేడివేడిగా కుప్పగా వదిలేస్తే ఆ వేడి పోయే దారి లేక, కొన్ని గంటల తర్వాత నిప్పంటుకునే ప్రమాదం ఉంది. మసాజ్ సెంటర్ల తువ్వాళ్లకు ఇలా నిప్పంటుకున్న సంఘటనలున్నాయి. ఇంటి డ్రయ్యర్ల మాన్యువల్స్‌లో కూడా వంటనూనె అంటిన బట్టలు వెయ్యొద్దని స్పష్టంగా రాసి ఉంటుంది. అలాంటివి తాడు మీద ఆరేసుకోవడమే మేలు.

గ్యాస్ డ్రయ్యర్ అయితే

ఇప్పటివరకు చెప్పుకున్న తేమ, నూగు నెమ్మదిగా హాని చేసేవి. గ్యాస్ డ్రయ్యర్ గాలి అలా కాదు, ఒక్క రాత్రిలో ప్రాణం తియ్యగలదు. ఈ యంత్రాల్లో గంటకు 20,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) పైచిలుకు బర్నర్ మండుతుంది, మన వంటింట్లో పెద్ద బర్నర్లు రెండు ఒకేసారి వెలిగించినట్టు. మంట నుంచి వచ్చే వాయువులు వేరే గొట్టంలో పోవు. బట్టల మధ్యలోంచి వెళ్లి, తడిగాలితో కలిసి ఆ ఒక్క గొట్టంలోంచే బయటపడతాయి. ఆ గొట్టం గదిలోకి తెరిచి ఉంటే, పొగగొట్టాన్ని తెచ్చి పడకగదిలో పెట్టుకున్నట్టే. గ్యాస్ మండితే పుట్టే నీరు కూడా బట్టల నీటికి తోడై ముప్పావు గంటకు అర లీటరు పైనే కలుస్తుంది.

మంట సరిగ్గా మండినంతసేపు కార్బన్ మోనాక్సైడ్ తక్కువే ఉంటుంది. బర్నర్‌కు నూగు అడ్డుపడినా, గాలి చాలకపోయినా అది పెరుగుతుంది. గాలి చాలని పరిస్థితిని ఇంట్లోకి తెరిచిన గొట్టమే సృష్టిస్తుంది గనక ఒక తప్పు రెండో తప్పును పెంచుతూ పోతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నీరసం దీని లక్షణాలు. జ్వరం ఉండదు. ఫ్లూ అనుకుని దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లు లేవకపోవచ్చు. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, పొరపాటున కార్బన్ మోనాక్సైడ్ పీల్చి అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. ఈ చావులకు కారణాలు రకరకాలు, ఫర్నేసులు, జనరేటర్లు వంటివి. మన దగ్గర బాత్‌రూమ్ తలుపు వేసుకుని గ్యాస్ గీజర్ వెలిగించి స్నానానికి దిగినవాళ్లు స్పృహ తప్పి చనిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. ఆ చావుకూ దీనికీ కారణం ఒకటే.

నీళ్ల డబ్బాల అట్టపెట్టెల మీద కరెంటు డ్రయ్యర్లకు మాత్రమే అని రాసి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు తమది ఏ రకమో తెలియకపోవచ్చు. యంత్రాన్ని కాస్త ముందుకు జరిపి వెనక చూస్తే తెలిసిపోతుంది. కరెంటు డ్రయ్యర్‌కు సాధారణంగా 240 వోల్టుల లావాటి ప్లగ్గు ఉంటుంది, మామూలు సాకెట్లో పట్టదు. గ్యాస్ డ్రయ్యర్‌కు మామూలు చిన్న ప్లగ్గుతో పాటు గోడలోని గ్యాస్ వాల్వ్ నుంచి వంగే లోహపు పైపు వచ్చి కలుస్తుంది. ఆ పైపు కనిపించి, గాలి గొట్టం బయటికి పోవడం లేదని తేలితే, ఇక ఒక్క లోడు కూడా వెయ్యకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంట్లో ఉండాల్సిందే. అలారం ఉంది కదా అని గొట్టాన్ని అలా వదిలేయడం మాత్రం కుదరదు.

వాసనలు, పోగులు

సువాసన కోసం వాడే డిటర్జెంట్లు, బట్టలతో పాటు డ్రయ్యర్‌లో వేసే పల్చటి డ్రయ్యర్ షీట్ల సంగతి కొద్దిగా. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వీటిని వాడినప్పుడు డ్రయ్యర్ గొట్టం నుంచి 25కు పైగా ఆవిరయ్యే రసాయనాలు వస్తున్నట్టు కనిపించింది. వాటిలో ఏడు ప్రమాదకర వాయు కాలుష్యాల జాబితాలోవి, అసిటాల్డిహైడ్, బెంజీన్ క్యాన్సర్ కారకాలుగా గుర్తించినవి. రెండిళ్ల యంత్రాలతో చేసిన చిన్న అధ్యయనమే అది, దాన్నిబట్టి ఎంత హానో కొలిచి చెప్పలేం. ఆ గాలిని ముక్కు దగ్గరకు తెచ్చుకోవాల్సిన పని లేదని చెప్పడానికి అది చాలు. పోగుల విషయంలో, హాంకాంగ్ పరిశోధకులు 2022లో వేసిన అంచనా ప్రకారం ఒక డ్రయ్యర్ ఏడాదిలో 12 కోట్ల దాకా సూక్ష్మపోగుల్ని గాలిలోకి వదలగలదు. జిన్నింగ్ మిల్లుల్లో ఏళ్ల తరబడి పత్తి ధూళి పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకునే కూలీల పరిస్థితికి దీన్ని పోల్చడం అతి అవుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లాడు నిద్రపోయే గదిలోకి ఆ గాలి వస్తుంటే మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు.

తెలియకుండా ఇంట్లోకే

కావాలని డబ్బా పెట్టుకున్నవాళ్లకు కనీసం సంగతి తెలుసు. తెలియకుండా జరిగేదే ఎక్కువ భయపెడుతుంది. డ్రయ్యర్‌ను గోడకు నెట్టేటప్పుడు వెనక గొట్టం నలిగి ఊడిపోతుంది. బట్టలు ఆరుతూనే ఉంటాయి, లాండ్రీ గది వెచ్చగా ఉంటుంది, నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. కొన్ని ఇళ్లలో కట్టినవాళ్లే గొట్టాన్ని అటక మీద వదిలేస్తారు, లేదా నేలకూ ఇంటికీ మధ్య ఖాళీలో. అటక మీద చలికాలం ఆ ఆవిరంతా పైకప్పు చెక్కకు పట్టి గడ్డకడుతుంది, ఎండ తగలగానే కరిగి కారుతుంది. పైకప్పు కారుతోందని పిలిపిస్తే, వచ్చినవాళ్లు ఎక్కడా కన్నం కనపడక తల పట్టుకుంటారు.

అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే అంతర్జాతీయ నివాస గృహాల కోడ్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. డ్రయ్యర్ గాలి బయటికే పోవాలి, అటక మీదికో ఇంటి కింది ఖాళీలోకో వదలకూడదు. గోడల్లోంచి పోయే గొట్టం లోపల నునుపుగా ఉన్న 4 అంగుళాల లోహపుది కావాలి. ముడతల ప్లాస్టిక్ గొట్టం చవక, కానీ ప్రతి ముడతా నూగుకు ఒక అర, పైగా నిప్పు తగిలితే అదే మండుతుంది. పొడవు 35 అడుగులు దాటకూడదు, లంబకోణంలో ఒక్కో మలుపుకూ అందులోంచి 5 అడుగులు తగ్గించాలి. అతుకుల దగ్గర మరలు లోపలికి పొడుచుకు రాకూడదు, నూగు వాటికే చిక్కుకుంటుంది. బయటి కొసకు గాలి వచ్చినప్పుడే తెరుచుకునే రెక్క ఉండాలి, జాలీ మాత్రం పెట్టకూడదు. పక్షులు గూడు కడతాయని జాలీ బిగించేవాళ్లు చాలామంది, ఆ జాలీ కొన్ని వారాల్లోనే దళసరి నూగు బిళ్లగా మారుతుంది.

గొట్టం బాగుందో లేదో తెలుసుకోవడానికి నిపుణుడు అక్కర్లేదు. డ్రయ్యర్ ఆన్ చేసి ఇంటి బయటికి వెళ్లి రెక్క చూడాలి. అది తెరుచుకుని, చెయ్యి పెడితే వెచ్చటి గాలి బలంగా తగలాలి. గాలి నీరసంగా వస్తుంటే లోపల పూడిక ఉంది. రెక్క కదలనే కదలకపోతే గొట్టం ఎక్కడో ఊడిపోయి ఉంటుంది, లేదా పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. ఒకే లోడు ఆరడానికి మునుపటికంటే రెట్టింపు సమయం పడుతున్నా, యంత్రం పైభాగం చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా, కమురు వాసన వస్తున్నా ఆపేసి గొట్టం విప్పి చూడాల్సిందే. జల్లెడ ప్రతి లోడుకూ, గొట్టం ఏడాదికోసారి శుభ్రం చెయ్యాలి.

అద్దెవాళ్లు ఏం చెయ్యాలి

ఈ భారాన్ని అద్దెకుండేవాళ్ల మీదే నెట్టడం న్యాయం కాదు. డ్రయ్యర్ పెట్టుకునే చోటు చూపించి, సాకెట్ ఇచ్చి, గాలి పోయే దారి ఇవ్వకపోతే ఆ ఇల్లు సగమే కట్టినట్టు. లీజింగ్ ఆఫీసుకో ఓనరుకో నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా, ఫోటోలు జతచేసి అడగాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఊరి బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ విభాగానికి ఫిర్యాదు చెయ్యొచ్చు. వీసా మీద ఉన్నాం, మనకెందుకని ఊరుకునే విద్యార్థులు చాలామంది ఉంటారు. ఇంటి భద్రత గురించి అడగడానికీ వీసాకూ సంబంధం లేదు.

గోడకు దారి నిజంగానే వీలుకానప్పుడు గొట్టమే అక్కర్లేని యంత్రాలున్నాయి. కండెన్సర్ డ్రయ్యర్లు ఆవిరిని లోపలే నీరుగా మార్చి డబ్బాలోకో డ్రైన్‌లోకో పంపుతాయి. హీట్ పంప్ డ్రయ్యర్లు అదే పనిని తక్కువ వేడితో చేస్తూ మామూలు వాటికంటే కనీసం 28 శాతం తక్కువ కరెంటు వాడతాయి. స్విట్జర్లాండ్ 2012 నుంచే ఈ తరహా యంత్రాలకే అనుమతిచ్చింది, యూరోపియన్ యూనియన్‌లో 2025 జులై నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చేవి ఇవే. బట్టలు ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది, ధర కూడా ఎక్కువ. ఆ స్తోమత లేనివాళ్లకు అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోని కామన్ లాండ్రీ, కాయిన్ లాండ్రీ ఉన్నాయి. బట్టలు ఇంట్లో స్టాండు మీద ఆరేసినా గాలిలో కలిసేది అవే రెండు లీటర్లు, కాకపోతే ఒక పగలంతా నెమ్మదిగా కలుస్తాయి. నూగు ఎగరదు. కిటికీ కాస్త తెరిచో, బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసో పంపించెయ్యొచ్చు. స్పిన్ వేగం పెంచుకుంటే అసలు నీరే తగ్గుతుంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఇళ్లలో డాబా, బాల్కనీ ఉన్నంతకాలం ఈ ప్రశ్న రాలేదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో బాల్కనీలు కుంచించుకుపోయాయి, దుమ్ముకీ పావురాలకీ భయపడి యుటిలిటీ ఏరియాకు అద్దాలు బిగించేస్తున్నారు. వానాకాలంలో ఆరని బట్టల బాధ భరించలేక డ్రయ్యర్ కొనేవాళ్లూ పెరుగుతున్నారు. ఉతికి ఆరబెట్టే పని ఒకే యంత్రం చేసేవైతే మామూలుగా ఆవిరిని నీరుగా మార్చి డ్రైన్‌లోకి వదులుతాయి, గొట్టం అవసరముండదు. విడిగా అమ్మే చిన్న డ్రయ్యర్లలో గాలి బయటికి వదిలే రకం కూడా ఉంది. గ్రిల్ మాత్రమే ఉన్న తెరిచిన యుటిలిటీలో అది నడిస్తే పెద్ద ఇబ్బంది లేదు. అద్దాలు మూసిన యుటిలిటీలోనో, పడకగది పక్కన స్టోర్‌లోనో పెడితే, బయట గాలిలోనే 80 శాతం తేమ ఉండే జులై, ఆగస్టు నెలల్లో ఆ గది గోడలు ఆరడమనేది ఉండదు. కొనేముందే కండెన్సర్ రకమా, గాలి బయటికి వదిలే రకమా అని దుకాణంలో అడిగి తెలుసుకోవాలి. రెండో రకమైతే, బిగించడానికి వచ్చిన మనిషి యంత్రాన్ని గోడకు నెట్టి వెళ్లిపోకముందే, గొట్టాన్ని కిటికీ దాకా తీసుకెళ్లి అమర్చి, ఒక తడి తువ్వాలు వేసి నడిపి, బయట గాలి తగులుతోందో లేదో చూపించమనాలి.